ఎడమ కంటితో ఒక్కసారి

మార్చి 4

అక్క ఈ డైరీ ఇచ్చింది. ఆమె నూడుల్స్ కొట్టుకు పిండి వేసేవాళ్ళు ఊరికే పంచిపెట్టారట. "కనపడ్డవాళ్ళందరినీ తిట్టే బదులు ఇందులో తిట్టుకోవే, కాగితానికి బీపీ రాదు" అంది. అక్క మల్జా, నేను మల్సుక్. ఇక ఆడపిల్లలు చాలని ఆమెకు 'ఆఖరిది' అని అర్థమొచ్చే పేరు పెట్టారు. ఆ తర్వాత నేను ఊడిపడ్డాను. యాభై రెండేళ్ళుగా ఆ సంగతి ఎత్తిపొడవని రోజు లేదు.

ఇవాళ మా కాంటాక్ట్ లెన్సుల ఫ్యాక్టరీలో కొత్త సిలికోన్ లెన్సు మొదటి ట్రేలు నా తనిఖీ బల్ల మీదికి వచ్చాయి. తెచ్చింది బోంగ్ గితే అనే కుర్రాడు. మిశ్రమం కలిపే గదిలో నాలుగేళ్ళుగా ఆ సిలికోన్ ద్రావకంతోనే కాపురం చేస్తున్నాడు. పెళ్ళాం పురిటికి వెళ్ళిన రోజు కూడా సాయంత్రం వచ్చి సీసాలు చూసుకుని పోయిన మనిషి.

"అక్కా, నీ కంటి నంబరుకి కూడా ఒక పెట్టె చేశాను. మైనస్ తొమ్మిది. అందరికంటే ముందు నువ్వే పెట్టుకోవాలి."

"నాకెందుకురా ఆ తోలుముక్కలు? నా టోఫు నాకు చాలు."

మా ఫ్యాక్టరీలో పాత లెన్సు పేరు టోఫు, మెత్తటి సోయా జున్నులా ఉంటుందని. సగానికి పైగా నీళ్ళే. కంట్లో వేసుకున్న సంగతే తెలియదు. కొత్తది కాస్త బిగువు, వేలి కొసన పెడితే గిన్నెలా నిలబడుతుంది. అందుకే తోలు అన్నాను. గితే ముఖం చిన్నబోయింది. అయినా పెట్టె నా సొరుగులో పెట్టే వెళ్ళాడు. పన్నెండు లెన్సులు, విడివిడిగా సీలు వేసి. ఉండనీ, నాకేం బరువా.

మార్చి 11

కొత్త లెన్సుల్లో మంచు ఉంది.

మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ చూశాను. అంచులు బాగున్నాయి, బుడగల్లేవు, చిరుగుల్లేవు. కానీ అద్దం మీద ఊపిరి వదిలినట్టు పల్చటి మసక. సిలికోన్‌కీ నీళ్ళకీ పడదు, అత్తాకోడళ్ళ వరస. కలపడంలో కాస్త తేడా వస్తే లోపల్లోపల విడిపోయి మబ్బు కడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న మాటే. కాంతి కొలిచే యంత్రం మాత్రం అన్నీ స్వచ్ఛమే అంటోంది. ఆరేళ్ళ కిందట కూడా ఇలాగే అంది. అప్పుడు వెంట్రుకవాసి పగుళ్ళున్న సరుకు మొత్తం యంత్రం పాస్ చేసింది, నేనొక్కదాన్నే పట్టుకున్నాను. ఆ రోజు నుంచే 'మల్సుక్ కన్ను' అనే మాట వచ్చింది.

పక్క బల్ల బోరంని చూడమన్నాను. మూడేళ్ళ సర్వీసు, ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల.

"నాకేం కనబడలేదక్కా."

"పాలపళ్ళలాగే నీది పాలకన్ను. ఊడి అసలుది రావాలి."

నవ్వింది. పాపం, మంచిదే.

మార్చి 12

టోఫులో కూడా కొంచెం మసక కనిపించింది. ఉప్పునీళ్ళ సీసా పాతదేమో. మార్చమని చెప్పాను.

మార్చి 19

ఏటా ఎడారుల నుంచి గాలికి కొట్టుకొచ్చే పసుపు దుమ్ము మొదలైంది. వీధి దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయి. దుమ్ము ఉన్న రోజుల్లో అంతే.

కొత్తగా చేరిన ఐదుగురికి పాఠం చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా అదే పాఠం, నిద్రలో లేపినా చెబుతాను. "కంటి ముందు ఉండే కార్నియాకి రక్తనాళాలు లేవు. ఉంటే మీకు లోకం కనబడదు. మరి దానికి ఊపిరెక్కడిది? నేరుగా గాలి నుంచే. మీరు లెన్సు పెట్టారంటే ముక్కు మీద గుడ్డ కప్పినట్టే. పాత లెన్సులో గాలి నీళ్ళ దారినే వెళ్ళాలి, కొంచెమే వెళుతుంది. కొత్తదాంట్లో సిలికోన్ దారిన ఎన్నో రెట్లు వెళుతుంది. గాలి అందని కన్ను ఏం చేస్తుంది? తెల్లగుడ్డు నుంచి రక్తనాళాలు లోపలికి పాకిస్తుంది. అందుకని ఎనిమిది గంటలు దాటితే తీసెయ్యండి."

ఒక పిల్ల చెయ్యెత్తింది. "మీరెన్ని గంటలు పెట్టుకుంటారండీ?"

ఏడిశావులే అనబోయి ఆగాను. పదిహేను, పదహారు అవుతుంది. మందపాటి కళ్ళద్దాలతో మైక్రోస్కోపుకి కన్ను ఆనదు, ఏం చెయ్యను? అచ్చు సరిగ్గా పడని లెన్సులు మాకు ఊరికే ఇస్తారు. అవి ఒక్కరోజు వాడి పారెయ్యాల్సినవి. తనిఖీ గదిలో అందరమూ వారం వాడతాం. ప్యాకింగ్‌కి వాడే ఉప్పునీళ్ళు చిన్న సీసాలో తెచ్చుకుని అందులోనే నానబెడతాం. నా చేతుల మీదుగా పోయిన సరుకు, నాకు తెలియదా దేన్ని నమ్మాలో.

మార్చి 27

ఫ్యాక్టరీ వాళ్ళ ఏడాది ఆరోగ్య పరీక్ష. కంటి పరీక్ష చేసే నర్సు కొత్తమ్మాయి. చార్టు మాత్రం పాతదే, ఇరవై రెండేళ్ళుగా అదే గోడకి వేలాడుతోంది. ఎడమ కన్ను మూసుకున్నాను. నాలుగు, ఏడు, మూడు, ఆరు, రెండు, అని చకచకా చదివేశాను.

"పెద్దమ్మా, నేనింకా అంకెల మీద కర్ర పెట్టలేదండీ."

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఇదుగో, అనుభవం అంటే ఇది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వుతూనే 'సాధారణం' అని రాసేసింది.

ఏం, చదవలేకపోయేదాన్నా? తొందరపడ్డాను, అంతే.

ఏప్రిల్ 3

మెంగ్ మేనేజరు సమావేశం పెట్టాడు. జపాన్ కొనుగోలుదార్లు వచ్చే వారం వస్తున్నారు. ఒకవైపు గితే, అతని కాగితాలు, యంత్రం లెక్కలు. ఇంకోవైపు నేను.

"మల్సుక్ గారూ, మీ మాట ఏమిటి?"

"మంచు ఉంది. అన్నిట్లోనూ ఉంది. మిశ్రమం సరిగ్గా కలవలేదు."

గితే లేచి నిలబడ్డాడు. "సార్, మూడుసార్లు కొలిచాం. బోరం కూడా చూసింది."

బోరం తల దించుకుంది. దాన్ని తప్పుపట్టను, మా దగ్గర పెద్దవాళ్ళు ఉందన్నాక లేదని చెప్పే చిన్నవాళ్ళు ఇంకా పుట్టలేదు.

"యంత్రానికి కళ్ళున్నాయా?" అన్నాను. "ఆరేళ్ళ కిందట ఈ యంత్రం మాటే విని ఉంటే ఇవాళ ఈ ఫ్యాక్టరీ ఉండేదా సార్?"

మెంగ్ గితే కాగితాలు మూసేశాడు. "సరుకు ఆపండి" అన్నాడు.

గెలిచాను. మధ్యాహ్నం అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

ఏప్రిల్ 9

జపాన్ వాళ్ళకు చూపించడానికి ఏమీ లేక మెంగ్ టీ ఇచ్చి పంపేశాడట. మళ్ళీ రాబోమన్నారట.

డ్యూటీ దిగాక గితే బస్‌స్టాపు దాకా నా వెంటే వచ్చాడు. బస్సు వస్తున్నప్పుడు అన్నాడు.

"అక్కా, ఒక్క మాట. ఎప్పుడూ కుడి కంటితోనే చూస్తావు కదా. ఎడమ కంటితో ఒక్కసారి చూడు."

"అంటే? నాకు కన్ను పోయిందంటావా?"

"నేనలా అనలేదు."

"ఇంకెలా అంటారురా? నీ ముక్కుపచ్చలారని రోజుల నుంచీ చూస్తున్నాను ఈ లెన్సుల్ని. నీ గిన్నెలో తప్పుంటే నా కంటి మీదికి తోస్తావా?"

"నీ కన్ను ఎర్రగా ఉందక్కా. నెలనుంచీ ఉంది. నాకు భయంగా ఉంది, సరుకు గురించి కాదు."

బస్సెక్కేశాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఎంత పొగరు వాడికి! నా కన్ను గురించి వాడు నాకు చెబుతాడా? ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

ఏప్రిల్ 10

రాయడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం పాలకూర కూర.

ఏప్రిల్ 11

ఏమీ లేదు.

ఏప్రిల్ 14

అక్క దగ్గరికి వెళ్ళాను. పెద్ద గిన్నెలో నూడుల్స్ పెట్టింది. సగం కూడా తినలేకపోయాను.

"ఏమైందే? ముఖం అలా పీక్కుపోయింది?"

"ఒకటి అడుగుతాను. నీ కొట్లో ఉప్పు నువ్వే ఎక్కువేశావనుకో. పనిమనిషి వేసిందని అందరితోనూ చెప్పేశావు. తర్వాత నువ్వే వేశావని తెలిసింది. ఏం చేస్తావు?"

"దాన్ని పిలిచి చెబుతాను. ఎందుకు, ఎవరిని తిట్టావు?"

"ఎవర్నీ లేదులే, ఊరికే."

అక్కకి కొట్టు సొంతం. దాని ఉప్పు దానిష్టం. ఎవరూ దాన్ని పొమ్మనరు.

ఏప్రిల్ 20

గితేని పిలిచారు. సిలికోన్ పని మూసేస్తున్నారట, మిశ్రమం గదిలో మనిషి అక్కర్లేదట. గోదాములో పెట్టెలు మోస్తావా, లేకపోతే రాజీనామా ఇస్తావా అన్నారు. రాజీనామా ఇచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి సామాను అట్టపెట్టెలో పెట్టుకుని తనిఖీ గది అద్దం ముందు నుంచి వెళ్ళాడు. బోరం ఏడ్చింది. నేను మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. గొట్టం కింద ఏ లెన్సూ లేదు. అయినా చూస్తూ కూర్చున్నాను.

మెంగ్ వచ్చి "మీ వల్ల పరువు దక్కింది" అన్నాడు.

చెప్పాలి. రేపు చెబుతాను. ఇప్పుడు చెబితే నన్నూ పంపేస్తారు. యాభై రెండేళ్ళ ఆడదానికి, అందులోనూ కన్ను బాగాలేనిదానికి, ఎవరు పనిస్తారు? వాడు వయసులో ఉన్నాడు, ఎక్కడైనా బతుకుతాడు. నాకు ఈ కన్ను తప్ప ఏముంది?

ఏప్రిల్ 21

చెప్పలేదు.

ఏప్రిల్ 22

మెంగ్ ఊళ్ళో లేడు.

ఏప్రిల్ 26

మెంగ్ ఉన్నాడు.

మే 2

కుడి కంట్లో ఇసుక పోసినట్టుంది. లెన్సు తీసి ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టాను. పెడితే కాస్త నయం. తీస్తే నొప్పి. పెడితే నయం. టోఫు చల్లగా ఉంటుంది.

మే 3

పొద్దున్నే కన్ను తెరవలేకపోయాను. వేళ్ళతో రెప్పలు విడదీసి అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మధ్యలో బియ్యపుగింజంత తెల్లమచ్చ. అరిచాను. ఫోన్ చేస్తే అక్క కొట్టు మూసి పరిగెత్తుకొచ్చింది, చేతులకి పిండి కూడా కడుక్కోలేదు. టాక్సీలో విశ్వవిద్యాలయం ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా నా తల వొళ్ళో పెట్టుకుని తిట్టింది.

ఎడమ కంటితో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

మే 17

రెండు వారాలు గంటగంటకీ చుక్కలు. క్రిములు చచ్చాయి. మచ్చ ఉండిపోయింది.

డాక్టరు నా కంటే చిన్నది, మెల్లగా మాట్లాడుతుంది. నేను వాడిన సీసా తెప్పించి చూసింది.

"ఇది ఉత్త ఉప్పునీళ్ళు కదండీ. ఇవి లెన్సుని తడుపుతాయే గానీ క్రిముల్ని చంపవు. మీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

ఏం చెప్పను? తెలుసు. నేనే పాఠం చెబుతాను.

"క్రిములు ఇప్పుడొచ్చాయి. కానీ కన్ను పాడవడం ఎప్పుడో మొదలైంది. గాలి అందక కార్నియా వాచి ఉంది. రెండు మూడు నెలలుగా మీకు మసకగా కనిపించి ఉండాలి. దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు కనబడ్డాయా?"

"పసుపు దుమ్మనుకున్నాను" అన్నాను.

అక్క గోడవైపు తిరిగింది.

కార్నియా మార్చవచ్చా అని అడిగాను. ఎవరైనా దానం చేస్తే మార్చవచ్చట, దానికీ ఏళ్ళకేళ్ళు ఆగాలట. అయితే రక్తనాళాలు మధ్యదాకా పాకేశాయి. రక్తం తగలని కంట్లో అయితే కొత్త కార్నియా నిలుస్తుంది. నా కంట్లో పెడితే ఆ నాళాల దారినే ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి తరిమేస్తుంది. ఆశ పెట్టుకోవద్దని మెల్లగానే చెప్పింది. ఎడమ కంట్లోనూ నాళాలు మొదలయ్యాయి, ఆరు నెలలు లెన్సు జోలికి పోవద్దు. తర్వాత కావాలంటే అప్పుడప్పుడూ, పగటిపూట మాత్రమే, ఏ రోజుది ఆ రోజు పారేస్తూ, అది కూడా సిలికోన్ రకమే.

"గుడ్డి కన్నా మెల్ల నయం అనుకో" అంది అక్క ఇంటికొచ్చేటప్పుడు. ఎప్పుడూ లేనిది చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది.

జూన్ 8

ఫ్యాక్టరీకి వెళ్ళి రాజీనామా సంతకాలు పెట్టాను. మెంగ్ తలుపు మూసి మాట్లాడాడు. నేను ఆస్పత్రిలో ఉండగా ఆపేసిన సిలికోన్ సరుకులోంచి దాచి ఉంచిన నమూనాలు బోరం మళ్ళీ చూసిందట. అద్దాల్లా తేటగా ఉన్నాయట. భయపడుతూనే వచ్చి చెప్పిందట.

"మరి గితేకి చెప్పారా?" అన్నాను.

"చెప్పి ఏం లాభమండీ? జపాన్ వాళ్ళు వేరే చోట ఒప్పందం చేసుకున్నారు. ఆ గది యంత్రాలు కూడా అమ్మేశాం. ఇప్పుడు చెబితే మనిషి మనసు కష్టపడటం తప్ప ఏముంది? మీకూ తెలియక జరిగిందే కదా."

తెలియక. సంతకం పెట్టాను.

బోరం నా సొరుగు ఖాళీ చేసి సంచీలో పెట్టి ఇచ్చింది. చెయ్యి పట్టుకుని "నేనే గట్టిగా చెప్పాల్సిందక్కా" అని ఏడ్చింది. చెంప మీద కొట్టినట్టయింది. దాన్ని ఓదార్చడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఆగస్టు

వేడి. కుడివైపు నుంచి వచ్చే మనుషులకు గుద్దుకుంటున్నాను. ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటున్నాను, కొట్లో ఉల్లికాడలు తరుగుతాను. రెండుసార్లు వేలు తెగింది.

సెప్టెంబరు 30

రాయడానికి ఏమీ లేదు. నిజంగానే.

నవంబరు 16

చలికాలానికి పెట్టే కిమ్చీ పచ్చడికి అక్క అరవై క్యాబేజీలు దింపించింది. కారం ముద్ద కళ్ళకి తగులుతుందని నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఏం తోచక అటక మీది సంచీ దించాను. ఫ్యాక్టరీ చెప్పులు, గుర్తింపు కార్డు. అడుగున గితే పెట్టె. మైనస్ తొమ్మిది, పన్నెండు. సీలు కూడా విప్పలేదు.

ఆరు నెలలు అయ్యాయి.

నవంబరు 18

పొద్దున్న ఏడింటికి చేతులు మూడుసార్లు కడుక్కుని ఒకటి ఎడమ కంట్లో పెట్టుకున్నాను. మొదటి పది నిమిషాలు కాస్త బిగువుగా ఉంది. తర్వాత మర్చిపోయాను. ఎదురింటి మేడ మీద ఎండేసిన మిరపకాయలు తొడిమలతో సహా కనిపించాయి. టోఫు పెట్టుకున్నప్పుడు రెప్ప కొట్టాక ఒక్క క్షణమే లోకం తేటగా ఉండేది, మళ్ళీ ఆరిపోయి అలికేసినట్టయ్యేది. ఇది అలాగే నిలిచింది. పది గంటలకీ అంతే, ఒంటి గంటకీ అంతే. కన్ను ఎర్రబడలేదు.

ఇది మార్చి నాలుగో తారీఖునే నా సొరుగులో ఉంది. అప్పుడే పెట్టుకునుంటే కుడి కన్ను ఇంత దాకా వచ్చేదా? గట్టిగా ఏడ్చాను. అక్క క్యాబేజీలు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈసారి తిట్టలేదు.

బోరంకి ఫోన్ చేస్తే గితే ఎక్కడున్నాడో చెప్పింది. ఊరి అవతల కోడి వేపుడు కొట్టు పెట్టాడు. ఇక్కడ ఉద్యోగాలు పోయిన మగవాళ్ళు అందరూ చేసేదే. సాయంత్రం బస్సెక్కాను.

కొట్లో ఇంకా ఎవరూ లేరు. నూనె వేడెక్కుతోంది. గితే నన్ను చూసి చేతిలోని పిండి గిన్నె పక్కన పెట్టాడు. ముందు కుడి కన్ను చూశాడు, చూపు తిప్పుకున్నాడు. తర్వాత ఎడమది. లెన్సు అంచున పట్టుకోవడానికి వీలుగా లేత నీలం రంగు ఉంటుంది. ఆ రంగు ఎంచుకున్నది అతనే.

"అది నాదేనా?"

"నీదే."

"ఎప్పుడు పెట్టుకున్నావు?"

"పొద్దున్న ఏడింటికి."

గోడ గడియారం వైపు చూశాడు. ఆరవుతోంది. చేతులు తుడుచుకుని ఫోన్‌లో లైటు వేసుకుని నా ముందుకు వచ్చాడు. "పైకి చూడక్కా. కిందికి. రెప్ప కొట్టు. ఇంకోసారి." వేళ్ళకి పిండి వాసన. "ఎరుపు లేదు. అంచు చక్కగా కూర్చుంది. ఎండిపోయినట్టుందా?"

"లేదు."

"మసక?"

"లేదు గితే. అసలు లేదు."

నవ్వాడు. పరీక్ష పాసైన పిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వుతోనే నన్ను పంపించేసి ఉంటే బాగుండేది. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను కూడా. నోరు ఆగలేదు.

"నువ్వు అడిగిన మర్నాడే ఎడమ కంటితో చూశాను."

లైటు ఇంకా నా కంట్లోనే ఉంది.

"మర్నాడా?"

"పదో తారీఖున. పొద్దున్న, ఎవరూ రాకముందు."

"నన్ను పిలిచింది ఇరవయ్యో తారీఖున."

"అవును."

"పది రోజులు."

"అవును."

లైటు ఆర్పేశాడు. వెళ్ళి నూనెలో ముక్కలు వేశాడు. నాకు వీపు కనిపిస్తోంది, ముఖం కనిపించలేదు. తిడతాడని నిలబడ్డాను, తిడితే బాగుండునని నిలబడ్డాను. వేగాక తీసి అట్టపెట్టెలో సర్ది, ముల్లంగి ముక్కల డబ్బా పక్కన పెట్టి, దారం కట్టి నా ముందు పెట్టాడు.

"నేను అడగలేదురా."

"పట్టుకెళ్ళక్కా. ఒంటి కంటితో పోతున్నావు, మెట్లు చూసుకుని దిగు." గల్లా వెనక్కి వెళ్ళిపోయాడు. "మళ్ళీ రాకు."

బస్సులో పెట్టె వొళ్ళో వేడిగా ఉంది. ఇంటికొచ్చాక అక్కా నేనూ ఇద్దరమూ తినలేదు.

లెన్సు తీసి పారేశాను. డైరీ వెనక్కి తిప్పి ఏప్రిల్ పది పేజీ తీశాను. పాలకూర అని ఉంది, కింద పేజీ అంతా ఖాళీ. అక్కడ ఇవాళ రాశాను:

ఎడమ కంటితో చూశాను. మంచు లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు.